పలక మీద సగం ముఖం

పెళ్లి సంబంధం చెడగొట్టుకోవాలంటే మనిషికి తాగుడో పేకాటో ఉండాలని మీరనుకుంటారు. నాకు ఆ రెండూ లేవు. పట్నంలో కొనుక్కున్న ఒక డబ్బా కెమెరా, దానితోపాటు ఇచ్చిన చిన్న ఇంగ్లీషు పుస్తకం, ఈ రెండే చాలాయి. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లే. మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. రాష్ట్రమూ కొత్తది, నా టీచరు ఉద్యోగమూ కొత్తది. ఇంగ్లీషులో ఏది అచ్చయితే అది నిజమని నమ్మే వయసు నాది.

మంచి ఫొటో ఎలా తీయాలో ఆ పుస్తకం చెప్పింది. వెలుగు ఒక పక్క నుంచే పడాలట. మనిషి కెమెరా వైపు చూడకూడదట. చేతులు ఊరికే వేలాడకుండా ఏదో ఒక భావం చెప్పాలట. తీసిన ఫొటోను నల్లటి అట్ట మీద, చుట్టూ చోటు వదిలి, చెక్క చట్రంలో నలుగురికీ చూపించాలట. ఈ చివరి మాట చదివి నేను పొంగిపోయాను. నలుపుకీ చెక్క చట్రానికీ మార్కాపురంలో వెతుక్కోవాలా? ఊరంతా పలకల కార్ఖానాలే.

సరిగ్గా అప్పుడే గిద్దలూరు సంబంధం వచ్చింది. వచ్చిందనడం కంటే నేనే తెప్పించానంటే నిజం. అంతకుముందు ఒకసారి దోర్నాలలో శ్రీశైలం బస్సు దగ్గర ఒక అమ్మాయిని చూశాను. కండక్టరుతో వాదించి, ఎవరో ముసలావిడకు సీటిప్పించి, తాను నిలబడి వెళ్లింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలనుకున్నాను. నాయనతో చెప్పే ధైర్యం లేక మా అమ్మ తమ్ముడు కోటయ్య మామ చెవిన వేశాను. ఆయన ఎలాగో ఆరా తీశాడు. పేరు సుభద్ర, గిద్దలూరులో సేద్యం చేసుకునే వెంగయ్య కూతురు.

"అల్లుడా, వాళ్లు నీ ఫొటో అడిగినారు. స్టూడియోకి పోయి తీయించుకో" అన్నాడు మామ.

"స్టూడియోవోళ్లకు ఏం తెలుసు మామా? పరదా ముందర నిలబెట్టి బిగుసుకోమంటారు. నేనే తీసుకుంటా."

"నిన్ను నువ్వు ఎట్ల తీసుకుంటావురా?"

"అమ్మ నొక్కుతాది."

మా పశువుల కొట్టానికి ఒకే ఒక్క కిటికీ. దాని పక్కన కూర్చుని, చూపు గడ్డివామి మీద నిలిపి, చెంపకు చెయ్యి ఆనించాను. అమ్మ కెమెరాను పాలచెంబులా రెండు చేతులా పట్టుకుంది.

"ఒరే, మొగం సగమే అగపడతాంది."

"సగమే అగపడాల. అదే కళ."

"చెంపకు చెయ్యేందిరా? ఇంటికి మంచిది కాదు."

"ఆలోచిస్తాండానమ్మా."

"ఏం ఆలోచిస్తాండావు?"

"ముందు నువ్వు నొక్కు."

ఫొటో అచ్చం పుస్తకం చెప్పినట్టే వచ్చింది. కొత్త పలక కొని, దాని నడిమధ్యలో అతికించి, మామ చంకన పెట్టి గిద్దలూరు బస్సెక్కించాను. మామ తిరిగొచ్చి, చెప్పులైనా విడవకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమన్నారు మామా?"

"వెంగయ్య పలకను అటూ ఇటూ తిప్పి చూసినాడు. 'పిల్లోడు టీచరని చెప్తివి, ఇంకా పలక కాడనే ఉండాడే' అన్నాడు."

"అంతేనా?"

"ఆ తర్వాత కన్ను సంగతి అడిగినాడు."

"ఏం కన్ను?"

"రెండోది. ఉందా పోయిందా అని. ఉంటే దాచేదెందుకు అంటాడు. చూపు పక్కకుంది గాబట్టి ఆ ఉన్న కన్ను గూడా మెల్లేమోనని అనుమానం. వెంగయ్య వాళ్లమ్మ, అదే పిల్ల జేజయితే 'చెంపకు చెయ్యి పెట్టుకోని కూసున్నాడే, ఇంట్లో ఎవరన్నా పోయినారా' అని అడిగె."

బుద్ధున్నవాడైతే అప్పుడే స్టూడియోకి పరుగెత్తేవాడు. నేను కిటికీకి ఇటు పక్క నుంచి లేచి అటు పక్కకు వెళ్లి కూర్చున్నాను. ఈసారి ముఖంలో రెండో సగం వెలిగింది. మీరు నవ్వితే నవ్వండి గానీ, లెక్క ఆలోచించండి. సగానికి సగం కలిపితే ఒకటి కాదా? రెండో పలక కూడా గిద్దలూరు వెళ్లింది.

ఈసారి మామ అరుగు దాకా కూడా రాలేదు. వీధిలోనే నిలబడ్డాడు.

"వాళ్లు ఒకటే అడగమన్నారు. ఇద్దరిలో పెండ్లికొడుకు ఎవడు అని."

"ఇద్దరెవరు మామా?"

"మీ అన్నదమ్ములంట. ఒకనికి కుడికన్ను లేదు, ఇంకొకనికి ఎడమకన్ను లేదు. ఇది మీ వంశంలోనే ఉందని జేజి తేల్చేసింది. ఇద్దరూ ఒకడేనని నేను ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలే. మధ్యవర్తి మాట ఎవరు నమ్ముతారురా?"

సుభద్ర చేజారిపోయినట్టేననుకున్నాను. నాయన మాత్రం ఒక్క మాటా తిట్టకుండా కెమెరా తీసుకెళ్లి వడ్ల గాదెలో పడేసి తాళం వేశాడు.

"రేపు గిద్దలూరు పోతాండాం. మొగం మొత్తం తీసుకోని రా" అన్నాడు.

వాళ్ల వసారాలో మంచం మీద కూర్చున్నామో లేదో, జేజి కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పలకరింపూ లేదు, మంచినీళ్లూ లేవు. అరచేత్తో నా కుడికన్ను మూసింది.

"ఇవి ఎన్ని వేళ్లు నాయనా?"

"మూడు జేజీ."

చెయ్యి రెండో కంటి మీదికి మారింది.

"ఇప్పుడు?"

"రెండు."

"ఉండాయి. రెండు కండ్లూ ఉండాయి" అని ఇల్లంతా వినపడేలా చెప్పింది. గోడ మీద నుంచి చూస్తున్న ఇరుగుపొరుగు కూడా తలలూపారు. వెంగయ్య ఊపిరి పీల్చుకుని లోపలికి కేకేశాడు.

"అమ్మా సుభద్రా, ఇట్ల రామ్మా."

ఆమె వచ్చి గడప దగ్గర ఆగింది. తలుపు చాటున సగం, ఇవతల సగం.

"బయటికి రామ్మా, వాళ్లు చూడాల గదా."

"ఆయన సగమే గదా నాయనా పంపినాడు. నేనూ సగమే చూపిస్తా. మిగతాది కావాలంటే ఇంకో పలక కొనుక్కోని రమ్మను."

జేజి కర్ర పడేసి మరీ నవ్వింది. మామ నవ్వాడు. నా బతుకులో ఎన్నడూ నవ్వని నాయన కూడా నవ్వాడు. నేనొక్కణ్ణే నవ్వలేదు. వసారా వెలుగు ఆమె ముఖానికి ఒక పక్కనే పడుతోంది. చూపు నా వైపు లేదు. చెయ్యి తలుపు మీద ఆనించి ఉంది. వెనక ఇంట్లో చీకటి, చుట్టూ ద్వారబంధం చెక్క. పుస్తకం చెప్పినవన్నీ ఒక్క చోట కుదిరాయి. నా కెమెరా మాత్రం మార్కాపురంలో వడ్ల కింద ఉంది. నా చేతులు ఊరికే వేలాడుతున్నాయి.

"పిల్ల నచ్చిందా?" అని నాయన అడిగాడు.

"కనపడినంత వరకు నచ్చింది నాయనా" అన్నాను. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి.

పెళ్లి ఫొటో స్టూడియో ఆయనే తీశాడు. పరదా ముందర, చెరొక కుర్చీలో, కొయ్యబొమ్మల్లా బిగుసుకుని, కళ్లు నేరుగా కెమెరాలోకి పెట్టి కూర్చున్నాం. జేజి ఆ ఫొటో తెప్పించుకుని, నాలుగు కళ్లూ వేలితో తాకి లెక్కపెట్టుకుని గానీ గోడకు తగిలించనివ్వలేదు.

ఆ ఫొటో ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఇకమీదట పెళ్లి కోసం నా ఫొటో నేనే తీసుకునే పని ఈ జన్మలో చెయ్యనని గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను.

పక్కనే బియ్యం చెరుగుతున్న సుభద్ర చేట ఆపి తలెత్తింది.

"ఇంకా ఎన్ని పెండ్లిండ్లు ఉండాయేంది నీకు?"