జేజి కుర్చీ ముందు మోడల్ క్లాసు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. కావలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. కథలో దయ్యం కనబడితే, ఇది దేనికి ప్రతీక అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసే రకం నేను. ఇది కల్పించానని అనుకోకండి. కల్పించే తీరిక ఉంటే ఇంకాస్త గౌరవంగా ఉండేది కల్పించేదాన్ని.

ముందు మా జేజి గురించి చెప్పాలి. జేజి అంటే మా నాన్న తల్లి. సముద్రం వైపు పల్లెలో ఉండేది. ఆమె ఇంట్లో వారం వారం ప్రార్థన కూటం జరిగేది. ఆమెకొక టేకు కుర్చీ ఉండేది, మామూలు వాళ్ళు ఇద్దరు పడితే గాని లేవదు. పాస్టరుగారు కథ చెప్పినంతసేపూ జేజి బుద్ధిగా వినేది. ఆయన ఆ కథకు అర్థం చెప్పి, ఆ అర్థానికి మళ్ళీ అర్థం చెప్పడం మొదలుపెడితే మాత్రం లేచి, కుర్చీని కీచుమని ఈడ్చి, గోడ వైపు తిప్పుకుని కూర్చునేది.

ఒకసారి తిప్పిందంటే ఇక అంతే. కూటం ముగిసినా, టీ ఇచ్చినా, పాస్టరుగారే వచ్చి బతిమాలినా ఇటు తిరిగేది కాదు. "కత బాగా చెప్పినావు నాయనా. అర్థం మాకు వదిలిపెట్టుంటే సరిపోయేది" అని గోడతోనే చెప్పేది.

నాకూ ఆ మర్యాద జరిగింది. ఉద్యోగంలో చేరే ముందు నా మొదటి పాఠాన్ని ఆమె ముందు తెలుగులో చెప్పి చూసుకున్నాను. సగంలోనే కుర్చీ తిరిగిపోయింది. "నువ్వు కూడానా మే" అంది. నాకు ఏడుపొచ్చింది. తరువాత మళ్ళీ ఎప్పుడూ ఆమె ముందు పాఠం చెప్పలేదు. ఆమె పోయాక కుర్చీ మా ఇంటికి వచ్చింది.

నాది ఏటా పొడిగించే ఉద్యోగం. పోయిన ఏడు ఒక్క పోస్టు పర్మనెంటు చేస్తామన్నారు. దానికి మోడల్ క్లాసు చెప్పాలి. నచ్చకపోతే పొడిగింపు కూడా ఉండదని ప్రిన్సిపల్ గారు నవ్వుతూనే చెప్పారు. నేను ఎంచుకున్న పాఠం ఒక పాత ఇంగ్లీషు కథ, దాని పతాక సన్నివేశం, ప్రతీకలు. బోధనోపకరణం ఉంటే మార్కులు ఎక్కువని, కథలో కుర్చీ ఉంది గనుక, జేజి కుర్చీని ఆటోలో ఎక్కించి తెచ్చాను. తరగతిలో ముందు వైపు, నాకు ఎదురుగా వేయించాను.

కథ చిన్నదే. ఒక దొర, తనను పెంచిన ముసలి ఆయాను వానలో బయటికి గెంటి తలుపేస్తాడు. ఆమె గుమ్మంలోనే చనిపోతుంది. అప్పటినుంచి ఆమె కుర్చీ రోజూ కొంచెం కొంచెం తలుపు వైపు జరుగుతుంటుంది. చివరికి దొర తట్టుకోలేక తలుపు తీసి, ఆమె చనిపోయిన చోటే వానలో కూర్చుంటాడు. తెల్లారి చూస్తే అతను చనిపోయి ఉంటాడు. ఆయాతో పాటు పాతిపెట్టిన దుప్పటి అతని మీద కప్పి ఉంటుంది.

ఈ కథను నేను మూడు ముక్కల్లో ముగించి ప్రతీకల్లోకి దిగాను. కుర్చీ అపరాధభావం. తలుపు అంతరాత్మ. వాన పశ్చాత్తాపం. వెనక బెంచీలో ప్రిన్సిపల్ గారి పక్కన, మార్కులు వేయడానికి నెల్లూరు నుంచి వచ్చిన నిపుణుడు సారు ఆవలిస్తున్నారు. కంగారులో తలుపు గడియకు కూడా అర్థం చెప్పడం మొదలుపెట్టాను.

కీచుమంది.

బోర్డు నుంచి వెనక్కి తిరిగి చూస్తే కుర్చీ వీపు నా వైపు ఉంది.

కరెంటు లేదు, ఫ్యాన్లు తిరగడం లేదు. కుర్చీ దగ్గర ఎవరూ లేరు. పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. నాకైతే భయం కంటే ముందు ఉక్రోషం వచ్చింది. ఉద్యోగం పోయేవేళ కూడా ఈమెకు ఇదేం పట్టుదల అనుకున్నాను.

చాక్‌పీసు కింద పెట్టేశాను. ఆ వీపుకే చెబుతున్నట్టు కథ మళ్ళీ మొదటినుంచి చెప్పాను, ఈసారి ఉత్త కథ, తెలుగులోనే. వాన ఎంత చల్లగా ఉందో చెప్పాను. ముసలామె తలుపు కొడుతూ ఆ దొరను చిన్నప్పటి ముద్దుపేరుతో ఎలా పిలిచిందో చెప్పాను. తెల్లారి దొర మీద ఆ దుప్పటి కప్పి ఉందని చెప్పాను. అక్కడే ఆపేశాను.

ముందు వరసలో ఉన్న అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "అంత చేసినాడు కదా మేడమ్, ఆమె ఎందుకు కప్పింది?" అని అడిగింది.

నా దగ్గర ఒక పేజీ జవాబు ఉంది. "నువ్వే చెప్పు" అన్నాను. ఆ పిల్ల "పెంచింది కదా" అంది.

అప్పుడు చూశాను. కుర్చీ నా వైపు తిరిగి ఉంది. ఈసారి చప్పుడు ఎవరూ వినలేదు.

సారు వచ్చి కుర్చీ కిందికి వంగి దారం కోసం వెతికారు. "ఉపకరణం బాగా వాడినారు మేడమ్, దారం కనపడకుండా కట్టినారే" అని మెచ్చుకున్నారు. తరువాత పిల్లల వైపు తిరిగి, ఈ కథలో మనం గమనించాల్సిన మరికొన్ని ప్రతీకలు అంటూ మొదలుపెట్టారు. ప్రిన్సిపల్ గారు కుర్చీ వైపు ఒకసారి చూసి, భోజనాలు చల్లారిపోతున్నాయని ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు.

ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆ తరువాత తరగతి నేల వాలుగా ఉందేమోనని గోళీ పెట్టి చూశాను, అది కదల్లేదు. కుర్చీని ఒక్కదాన్నే తిప్పబోయాను, నడుం పట్టేసింది. ఎవరో ఆకతాయి తిప్పాడనుకుందామా అంటే, ఆ బరువును అంతమంది ముందు ఎవరు తిప్పగలరు?

అది అటు తిరగడానికి ఏదో ఒక కారణం ఎప్పటికైనా దొరుకుతుందేమో. కానీ ఒకసారి తిప్పిన కుర్చీని మా జేజి బతికుండగా మళ్ళీ ఇటు తిప్పడం ఎవరూ చూడలేదు. పాస్టరుగారు బతిమాలినా తిరగని మనిషి నా కోసం ఎందుకు తిరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.