మూసిన గదిలోంచి జవాబు

ఆఫీసులో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. అది వయసు తెచ్చిన పేరు కాదు. జావా అనే కంప్యూటరు భాషలో రాసిన పాత ప్రోగ్రాము పురిటినాటి నుంచీ ఎరిగినది ఆమె ఒక్కతే. రక్తపరీక్షల ల్యాబులు నడిపే సంస్థ అది. బిల్లు వేయడం, రిపోర్టు చూపడం, రోగి ఫోనుకు కబురు పంపడం, అన్నీ ఆ ఒక్క ప్రోగ్రామే చేసేది. ఉమ్మడి కుటుంబంలో మాదిరిగా ఒకరికి జలుబు చేస్తే ఇల్లంతా తుమ్మేది.

అందుకని పెద్దక్క వేరు కాపురాలు పెట్టించింది. ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాము. వాటిని సర్వీసులంటారు. ప్రతి సర్వీసూ నిద్ర లేవగానే, మధ్యవర్తిగా ఉన్న మరో ప్రోగ్రాముకు తన పేరు చెప్పుకుంటుంది. ఎవరికి ఏ పని కావలసినా ఆ పేరు పెట్టి అడిగితే చాలు. కొత్త సర్వీసులు కట్టడం సరళం కావాలని ఆమె ఒక మూస కూడా తయారుచేసింది. సరళమనగానే వ్యాకరణంలోని గ, జ, డ, ద, బలు నోటికి వచ్చే తరానికి ఈ వాడుక కాస్త ఎబ్బెట్టుగా తోచవచ్చు. వర్ణమాలకు అంత ఓర్పుగా పేర్లు పెట్టిన భాష మనది. ఆ పేర్లను తరగతిగదిలో చెప్పించుకునే రోజులు పోయాయి. అది అలా ఉంచుదాం. ఇక్కడ సరళమంటే, మూసను నకలు తీసుకుని, నాలుగు మాటలు మార్చి, మీట నొక్కడమే.

కొత్త ఏర్పాటు మొదలైన ఉదయమే కౌంటరు నుంచి ఫోను వచ్చింది.

"మేడమ్, ఈ పెద్దాయన రిపోర్టు ఒకసారి ఉందంటోంది, ఇంకోసారి లేదంటోంది. మీ కంప్యూటరుకి ఇంట్లో ఏమన్నా గొడవైందా?"

పెద్దక్క తన బల్ల దగ్గర ఆ రిపోర్టు కోసం నొక్కి చూసింది. వచ్చింది. మళ్ళీ నొక్కింది. లేదంది. మళ్ళీ నొక్కితే వచ్చింది. పూర్తిగా చెడిపోయిన వస్తువునైతే బాగుచేయవచ్చు. ఇది చెడిందో లేదో తేలితే కదా!

మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. "చూడమ్మా, భోజనాల వేళ దాకా ఆగుతాను. అప్పటికీ ఇంతే అయితే పాత ప్రోగ్రామే మళ్ళీ పెట్టేస్తాను. ఇక ఈ విడగొట్టుడు ఊసెత్తొద్దు."

ఆమె ఇన్నాళ్ళ శ్రమా ఆ ఒక్క పూట మీద వేలాడుతోంది. రిపోర్టుల సర్వీసును అక్షరమక్షరం చదివింది. తప్పు లేదు. పక్క సీటు కుర్రవాడు, ఎప్పుడూ హడావుడిగా ఉంటాడని తుపాను అని పిలుస్తారు, కుర్చీ జరుపుకొని వచ్చాడు.

"అక్కా, ఆపేసి మళ్ళీ స్టార్ట్ చేద్దామా?"

"నీకు తెలిసిన వైద్యం అదొక్కటేగా! సరే, ఆపు."

ఆపాడు. పెద్దక్క వేలు అలవాటుగా మీట మీద పడింది. తెర మీద జవాబు వచ్చింది: రిపోర్టు లేదు.

పెద్దక్క తుపాను వైపు తిరిగింది. సర్వీసు ఆగిపోయింది కదా, మరి లేదన్నది ఎవరు? తాళం వేసిన గది తలుపు తడితే, లోపలి నుంచి "ఇంట్లో ఎవరూ లేరండీ" అని వినిపించినట్టుంది.

"నిజంగానే ఆపావా?"

"నీ మీద ఒట్టు అక్కా!"

"నా మీదెందుకు, నీ మీద వేసుకో."

మిగిలిన సర్వీసులను ఒక్కొక్కటే ఆపించింది. బిల్లులది ఆపినా ఆ గొంతు ఆగలేదు. కబుర్లు పంపేదాన్ని ఆపగానే ఆగిపోయింది. అది నిన్న సాయంత్రం ఆమె స్వయంగా మూస నుంచి తీసిన సర్వీసు. తెరిచి చూస్తే మొదటి వరుసలోనే పేరు: రిపోర్టులు. మూసను రిపోర్టుల సర్వీసు నుంచే చేసింది. నకలులో అన్నీ మార్చింది, పేరు తప్ప. ఒకే పేరుతో ఇద్దరు కనిపిస్తే మధ్యవర్తి చేసేదేముంది? వచ్చినవారిని వంతులవారీగా ఇద్దరి దగ్గరికీ పంపింది. రిపోర్టు సంగతే తెలియని రెండోది పాపం నిజమే చెప్పింది.

పేరు మార్చి అన్నీ మళ్ళీ లేపింది. ఎన్నిసార్లు నొక్కినా రిపోర్టు వచ్చింది. కౌంటరులో పెద్దాయన చేతికి కాగితం అందింది.

"ఎవరి తప్పమ్మా?" అన్నాడు మేనేజరు.

"నాదే సార్. మూసలోనే ఉంది."

"సరే, దొరికింది కదా. పాతదాన్ని ఇక శాశ్వతంగా ఆపేద్దామా?"

పొద్దున్నైతే ఎగిరి గంతేసి ఉండేది. ఇప్పుడు వెనకాడింది. అంత సులువుగా కట్టగలిగినందుకే కదా అంత సులువుగా కూలబోయింది? "మూస సరిచేశాక చెబుతాను సార్" అంది. ఆయన తల ఊపి వెళ్ళాడు.

మూసలో పేరుండే చోటు ఖాళీ చేసింది. పేరు పెడితే తప్ప ఏ సర్వీసూ లేవకుండా కట్టుదిట్టం చేసింది. టిఫిను డబ్బా మూత తీసిందో లేదో, తుపాను కేక వినిపించింది.

"అక్కా! నీ మూసకేమైంది? ఎన్నిసార్లు నొక్కినా కొత్త సర్వీసు లేవట్లేదు!"

అది శుభవార్తో దుర్వార్తో పెద్దక్కకు వెంటనే తోచలేదు. "పేరు పెట్టావా?" అని అడిగి, అతను నాలుక కరుచుకోగానే డబ్బా మూత మూసేసింది. పాతదాన్ని ఇక ఆపేయవచ్చని చెప్పడానికి మేనేజరు గదివైపు నడిచింది.