నువ్వు చూసి చెప్పు

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, నాకు మొదటి దుర్భిణి కొనడానికి మా మేనత్త అమీర్‌పేటలో పాత సామాన్ల దుకాణానికి తీసుకెళ్లింది. తాను మాత్రం దేనికీ కన్ను ఆనించలేదు.

"నువ్వు చూసి చెప్పు బిడ్డా," అంది.

దుకాణదారు అందించిన మొదటి దాంట్లో పంజాగుట్ట బండ మీద మేక స్పష్టంగా కనిపించింది. "మేక," అని ఊరుకున్నాను. రెండోదాంట్లో అంతా మసక. మేకో, ముసలాయనో, ఆరేసిన గొంగడో తేల్చుకోలేక చెబుతూనే ఉన్నాను. అత్త కళ్లు మూసుకుని వింది.

"గిదే ఇయ్యి భాయ్."

"దీని అద్దం సాఫ్ లేదమ్మా," అన్నాడు దుకాణదారు.

"నాకెర్కే."

ఇంటికొచ్చాక చందమామను చూడమని నేనన్నా, "నువ్వు చూసి చెప్పు" అనే మాటే. ఆమెకు చూపు ఆనదో, నేను చెబితే వినడం ఇష్టమో నాకు అంతుపట్టలేదు. ఇప్పటికీ ఏదైనా మసకగా కనిపిస్తే, ముందు ఆమెకే చెప్పాలనిపిస్తుంది.