సౌండ్ తీసేసి చూసే పద్ధతి నాది కాదు

కామారెడ్డిలో నెలకోసారి ఒక చిన్న హాలులో పాత సినిమాలు వేస్తాం. ముప్పై నలభై మంది వస్తారు. సినిమా మొదలుపెట్టే ముందు అందులోంచి ఒక సన్నివేశాన్ని సౌండ్ తీసేసి చూపిస్తాను. మొహాలు, చేతులు, నడక చూడమంటాను. ఎవరిని ఎక్కడ నిలబెట్టారో గమనించమంటాను. తర్వాత అదే సన్నివేశాన్ని మాటలతో చూస్తే, నటించిందెవరో ఊరికే డైలాగు అప్పజెప్పిందెవరో వేరే చెప్పనక్కర్లేదు. దీన్ని అందరూ నా పద్ధతి అంటారు. నా వ్యాసాలు పుస్తకంగా వేస్తున్న మిత్రులు అట్టమీద కూడా అదే రాద్దామన్నారు.

అది నాది కాదు. మా అక్కది.

మాది ఎల్లారెడ్డి. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఐదో తరగతిలో బడి మాని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. నేను కామారెడ్డిలో డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి పోతే, మధ్యాహ్నాలు ఆమె ఎదురింట్లో ఉండేది. మా వాడకట్టులో టీవీ ఉన్నది ఆ ఇంట్లోనే. పదిమంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని గోడవారగా కూర్చునేవారు. చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. చూపు టీవీ మీద ఉండేది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. బీడీ మూతి మడవడానికి కూడా ఎవరూ తల దించేవారు కాదు.

ఒకటే ఇబ్బంది. ఆ ఇంటి ముసలవ్వ పక్షవాతం వచ్చి అదే గదిలో మంచం మీద ఉండేది. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తే గానీ కోడలికి చేతులు ఖాళీ కావు. అందుకని టీవీకి సౌండ్ పెట్టేవారు కాదు. ఆ వేళప్పుడు వచ్చేవన్నీ పాత నలుపు తెలుపు సినిమాలు. ఏం జరుగుతుందో అక్క చిన్నగొంతుతో చెప్పాలి.

"వాడేమంటుండే?" అని ఒకామె అడిగేది.

"ఏమన్ననీ, అబద్ధమే. మొకం దానిదిక్కున్నది, కాళ్లు తలుపుదిక్కున్నయి," అనేది అక్క.

"గట్లనా! ఇగ మా ఆయన కాళ్లు గూడ జూడాలె."

"మీ ఆయనయి చూసుడెందుకే, సక్కగ కల్లు కాంపౌండుకే పోతయి."

అవ్వ లేస్తుందని అందరూ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవారు.

దర్శకుడు అన్న మాట అక్కకు తెలియదు. "చూపెట్టెటోడు" అనేది. "ఈ చూపెట్టెటోడు హుషారున్నడు. ఏడ్చేదాన్ని చూపెడ్తలేడు, ఆ ఏడుపు ఇనేటోన్ని చూపెడ్తుండు." నేను గడప దగ్గర కూర్చుని బీడీలకు దారంతో కట్టలు కడుతూ వినేవాణ్ణి. ఇంటికి పోగానే ఆమె అన్నవి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి, పుస్తకాల తెలుగులోకి మార్చి. అట్లా మార్చీ మార్చీ కొన్నాళ్లకు అవి నా మాటలే అనిపించాయి.

ఒక సినిమాలో తమ్ముడు పట్నానికి బయల్దేరుతుంటే అక్క వాకిట్లో ఆరిన బట్టలు మడుస్తూ నిలబడుతుంది. తమ్ముడి వైపు తిరగనే తిరగదు. ఆమె వీపు తప్ప మనకు ఏమీ కనబడదు.

"కోపమొచ్చిందక్కా ఆమెకు," అన్నాను.

"కోపం గాదు తమ్మి. ఒక్క చీరెనే ఎన్నిసార్లు మడుస్తుందో జూడు. కోపమొస్తె ఇసిరేస్తది. వాడు ఎనుకకొచ్చి ఒక్క మాటంటడేమోనని పని పొడుగు చేస్తుంది."

ఆ మాట నేను రాసుకోలేదు. నాకు కోపమే నచ్చింది. చాలా ఏళ్ల తర్వాత ఆ వీపులోని కోపం గురించి పెద్ద వ్యాసం రాశాను. నాకు పేరు తెచ్చింది అదే.

నాలుగేళ్ల కింద అక్క మొదటిసారి మా హాలుకు వచ్చింది. పెండ్లిండ్లకు కట్టుకునే చీర కట్టుకుని, ఎల్లారెడ్డి బస్సులో, ఒక్కతే. చివరి వరసలో కూర్చుంది. సినిమా అయిపోయాక ఎవరో లేచి, ఈ పద్ధతి మీకెట్లా తట్టింది సార్ అని అడిగారు. అక్క నా వైపే చూస్తున్నది. లెక్చరర్లు, వకీళ్లు కూర్చున్న హాలులో, ఎదురింటి గడప దగ్గర కట్టలు కడుతూ బీడీలు చుట్టే మనిషి దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"చదువుకునే రోజుల్లో మా ఇంట్లో టీవీ సౌండ్ పోయింది. బాగు చేయించలేక అట్లనే చూశాను. అదే నేర్పింది," అన్నాను. చప్పట్లు కొట్టారు.

బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగాం. అక్క సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "మంచిగ చెప్పినవ్ తమ్మి," అంది. సాసరు కింద పెట్టి, "మనింట్ల టీవీ ఎప్పుడుండెరా?" అంది.

నేను నవ్వేశాను. "జనానికి ఊకె గట్ల చెప్పాలక్కా."

"ఔ మల్ల," అంది.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. సంచిలోంచి ఖాళీ కవరు ఒకటి తీసి మడిచింది. విప్పి మళ్లీ మడిచింది. నా వైపు చూడలేదు. కోపమొచ్చింది, అదే పోతుందిలే అనుకున్నాను. ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను. బస్సు పోయింది.

ఆ తర్వాత ఆమె నాతో ఎన్నడూ సినిమాల మాటెత్తలేదు. పోయిన ఏడు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టిందంటే చూడబోయాను. ఇంట్లో టీవీ వాకిలి దాకా వినబడుతున్నది.

"గింత సౌండేందక్కా?"

"చెప్పుమని అడిగెటోల్లు ఎవరున్నరు ఇప్పుడు? అదే చెప్పుకుంటది."

అది నీ దగ్గర నేర్చుకున్నదేనక్కా అని అప్పుడైనా ఒక్క మాట అనొచ్చు. మందులు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగి వచ్చేశాను. వానకాలంలో పోయింది.

పోయిన నెల హాలులో ఈ సంగతంతా చెప్పాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి నా చేయి పట్టుకుని, "ఎంత వినయం సార్ మీది," అన్నాడు. వినయం కాదని చెప్పినా ఆయన నమ్మలేదు. అందుకే పుస్తకం మొదట్లో ఇది రాస్తున్నాను.

బట్టలు మడిచే అక్క గురించిన వ్యాసం లోపల అట్లనే ఉంచాను. చదివేవాళ్లు అందులో కోపం అని ఉన్న ప్రతిచోటా తప్పని తెలుసుకోవాలి. అది కోపం కాదు. ఆ రోజు కామారెడ్డి బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. కండక్టర్ దిగి చాయ్ తాగి వచ్చాడు. అక్క ఆ కవరును మడుస్తూనే ఉంది.