తమ్ముడి మేడకు దిష్టిబొమ్మ

మా కొత్తపేట వైపు కొబ్బరి ఈనెల చీపుళ్లు కావాలంటే సూర్యకుమారి దగ్గరే కొనాలి. ఆమె కట్టిన చీపురు అరుగుతుందే గానీ ఊడదు. మనిషీ అంతే, పట్టిన పట్టు వదలదు.

పెళ్లినాడు తండ్రి ఆమెకు కాలవగట్టు కొబ్బరితోట పసుపుకుంకుమ కింద ఇచ్చాడు. నోటిమాటే, కాగితం లేదు. ఆలమూరు అత్తవారింట మొగుడు పోయాక తిరిగొచ్చి, ఆ తోట పక్కనే పాక వేసుకుని, ఆ ఆకులతోనే చీపుళ్లు కట్టి బతికింది. మొక్కలకు కడవలతో నీళ్లు మోసింది ఆమే. తండ్రి పోయిన ఏడాది, తొంభై తొమ్మిదిలో, కువైట్ నుంచి వచ్చిన తమ్ముడు నాగబాబు తోటను తన పేర పెట్టించేసుకుని అందులో మేడ మొదలెట్టాడు. అక్క అడగడానికి వెళితే, గోడకున్న పటం తీసి చేతిలో పెట్టాడు.

"ఇది లక్షల సరుకక్కా. దీని ముందు నీ తోటెంత?"

అతను డ్రైవరుగా పనిచేసిన ఫ్రెంచి దొర కువైట్ వదిలి వెళ్తూ ఇచ్చేసిన బొమ్మ అది. ఎవరో యూరప్ చిత్రకారుడు రాతి మీద గీసి, రంగురంగులుగా కాగితం మీద అచ్చు తీసి, అడుగున పెన్సిల్‌తో సంతకం పెట్టాడట. మనిషి లేడు, చెట్టు లేదు. ఒక ఎర్రటి ముద్ద, పక్కన పసుపు మరక, రెండింటి మీదా నల్లటి అడ్డగీతలు. తిన్నవాడు విస్తరి మడవకుండా లేచిపోయినట్టుంది. లక్షలన్న మాట నాగబాబే నమ్మలేదు. అక్కను వదిలించుకోవడానికి అన్నాడు. వింటే నాకే ఒళ్లు మండింది.

సూర్యకుమారి ఏడవలేదు. పటం విప్పి అద్దమూ చట్రమూ తండ్రి ఫొటోకి వేయించింది. బొమ్మను చెక్కకు మేకులు కొట్టి, ఎండుమిరపకాయల దండ వేసి, పాత చెప్పు వేలాడదీసి, తన పాక ముందు వెదురుగడకు కట్టి మేడకు ఎదురుగా నిలబెట్టింది. దారిన పోయేవాళ్లందరూ అడిగారు.

"మా తమ్ముడు మేడ కడతన్నాడండీ. నరదిష్టి తగలకూడదని కట్టేనండి. నా తోటకి బదులు వాడిచ్చిందేనండి, ఆయ్."

అంత మర్యాదగా పరువు తీయడం నేనింకెక్కడా చూడలేదు. వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లేవాళ్లు కూడా ఆగి చూసి నవ్వుకున్నారు. నాగబాబు పీకేయబోతే అతని భార్య సత్యదుర్గే అడ్డుపడింది. గృహప్రవేశం కాకుండా దిష్టిబొమ్మ దింపితే ఇల్లు కలిసిరాదని ఆవిడ భయం.

తొలకరి మబ్బు పట్టిన రోజు నాగబాబు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. నేను చీపురు కొనడానికి వచ్చి సూర్యకుమారి పాక అరుగు మీద కూర్చుని ఉన్నాను.

"అక్కా, దింపెయ్యి! వానొచ్చేత్తంది."

"గృహప్రవేశం కాలేదు కదరా. మీ ఆవిడే చెప్పింది."

"దొర ఫోన్ చేసేడక్కా. అది నిజంగానే లక్షలంట, ఆయనే కొంటాడంట. నీ తోట నీకు రాసిచ్చేత్తాను, బొమ్మిచ్చెయ్."

ఆమె చూపు ఒక్కసారి చెట్ల మీదికి పోయింది. సరే అనమని నేను సైగ చేశాను. నా వైపు చూడనైనా లేదు.

"నాన్నిచ్చింది నాకే ఇచ్చి, నాదింకోటి పట్టుకుపోతావా? అరుగెక్కి కూచో, తడిసిపోతావు."

అతను గడ దగ్గరికి ఉరికాడు. ఆమె ఈనెలు చీరే కత్తి పట్టుకుని అడ్డం నిలబడింది. అప్పటికే వాన దిగింది. రంగు చెక్కుచెదరలేదు గానీ కాగితం నాని, మేకుల దగ్గర చిరిగి, ముక్కలు ముక్కలుగా బురదలో పడింది. నాగబాబు ఆ ముక్కలు ఏరుకుంటూ అక్కడే కూలబడ్డాడు.

"నీకూ దక్కకుండా పోయింది కదే!" అని ఏడ్చాడు.

"నాకు దక్కకపోవడం నాకలవాటేరా," అంది సూర్యకుమారి. "నీకిదే మొదలు."