బండ మీద రోమింగ్

సొంత రాష్ట్రం దాటి ఫోను వాడితే పడే రోమింగ్ చార్జీలు ఇంకా రద్దు కాని రోజులవి. ఒక ధనుర్మాసంలో నేను టెలిఫోన్ శాఖలో పుత్తూరు సబ్ డివిజన్‌కు సబ్ డివిజనల్ ఇంజనీరుగా బదిలీ అయ్యాను. జూనియర్ ఇంజనీర్లకు పైన, డివిజనల్ ఇంజనీరుకు కింద ఉండే హోదా అది. టవర్లు, ఎక్స్ఛేంజీలు, వాటితో పాటు బిల్లుల మీద వచ్చే సాంకేతిక ఫిర్యాదులు కూడా నా పరిధిలోకి వచ్చేవి. నగరి దాటితే తమిళనాడు. ఆ హద్దు మనుషులకు ఒక చెక్‌పోస్టుగా కనిపిస్తుంది గానీ, రేడియో తరంగాలకు అలాంటిదేమీ లేదు. మా టవరు సంకేతం అవతలి చెరకు తోటల మీదుగా సాగిపోయేది. వాళ్ళ సంకేతం మన మామిడి తోపుల్లోకి వచ్చి నిలిచేది. తెల్లవారుజామున మంచు దిగినప్పుడు ఆ తోపుల పక్కన జీపు ఆపుకొని నిలబడితే, కంటికి కనబడని ఆ రెండు వెలుగులు ఆకుల మధ్య ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నట్టు నాకు అనిపించేది.

దొరస్వామి అనే నాదస్వర విద్వాంసుడు మా కార్యాలయానికి వచ్చింది ఆ నెలలోనే. నగరికి ఆవల, సరిహద్దుకు ఇవతలే దాన్ని ఆనుకొని ఉన్న ఒక పల్లె ఆయనది. నెల నెలా వచ్చే సెల్‌ఫోన్ బిల్లులో అద్దె కంటే రోమింగ్ ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటోందనీ, తాను ఆ నెలల్లో రాష్ట్రం దాటి అడుగు పెట్టలేదనీ ఆయన ఫిర్యాదు. కౌంటరు గుమాస్తా ఆయన చంకలోని నాదస్వరం సంచి చూసి నవ్వాడు. "అరవోళ్ళ పెండ్లిండ్లకు పోయి వాయించుకొని వస్తావు, బిల్లు చూసి మా మీద పడతావు. ఎట్లప్పా ఇది?" అన్నాడు. దొరస్వామి కోపం తెచ్చుకోలేదు. "పెండ్లిండ్లు దొరికింటే నీతో మాటలు పడేదానికి ఈడికి వస్తానా సామీ?" అన్నాడు.

ఇలాంటి ఫిర్యాదు వస్తే మా పద్ధతి ఒకటే. చందాదారు చిరునామాకు వెళ్ళి, అక్కడ సంకేత బలం కొలవాలి. సంకేతాన్ని మైనస్ అంకెల్లో చెబుతాం. సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. దొరస్వామి ఇంటి వసారాలో మా నెట్‌వర్క్ మైనస్ డెబ్బై అయిదు చూపించింది. అది మంచి అంకె. పొరుగు రాష్ట్రపు సంకేతం లేదనే చెప్పాలి. ఆయన భార్య వళ్ళెమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తూ, ఈ ఫోను ఇంక ఒక్క నెల చూసి తిప్పి ఇచ్చేస్తామని చెప్పింది. ఊరికే తినే ఎద్దును అమ్మేదానికి యోచన ఎందుకని భర్తను అడిగింది. ఎక్కడెక్కడ ఫోను వాడతావని నేను అడిగితే, ఈ వసారాలోనే అన్నాడు ఆయన.

నేను ఫోను తీసుకొని, నెట్‌వర్క్‌ను దానంతట అది ఎంచుకొనే అమరికను మార్చి, ఆంధ్రప్రదేశ్ నెట్‌వర్క్‌కు మాత్రమే కట్టివేశాను. ఇక అది పొరుగు టవరును పట్టుకోలేదు. ఎవరైనా ఇచ్చే సలహా అదే.

కొద్ది రోజులకే దొరస్వామి మళ్ళీ వచ్చాడు. ఫోనును ఎప్పటిలాగే చేసి ఇవ్వమన్నాడు. బిల్లు వస్తుంది కదా అన్నాను. "రానీ సార్. కట్టగలిగినన్ని దినాలు కడతాను. పాఠం నిల్చిపోయుండాది," అన్నాడు.

ఆ పాఠం సంగతి అప్పుడు బయటపడింది. వళ్ళెమ్మ తండ్రి చెంగల్రాయులు శ్రీకాళహస్తిలో ఉంటారు. దొరస్వామికి గురువు ఆయనే. నడుము పడిపోయి మంచం దిగలేని స్థితి. దేవుడు గుడి దాటి ఊరేగింపుకు కదిలేటప్పుడు మాటలు లేకుండా, వేగం పెంచుతూ ఒకటో కాలం, రెండో కాలం అని వాయించే రచనను మల్లారి అంటారు. ఆయన వంశంలో వచ్చిన ఒక పెద్ద మల్లారి సగం వరకే దొరస్వామికి అందింది. మిగిలిన సగం ఆ పెద్దాయన ఒక్కరి దగ్గరే ఉంది. తెల్లవారుజామున ఊపిరి కాస్త తేలికగా ఆడే ఆ కొద్దిసేపు ఆయన ఫోను చేయించుకొని అల్లుడి సాధన వినేవారు, తప్పు పడితే ఆపి నోటితో పాడి చెప్పేవారు. అటువైపు నుంచి చేసే ఫోనుకు తనకు ఖర్చు పడదని దొరస్వామి నమ్మకం. పైగా, ఎక్కడెక్కడ ఫోను వాడతావని నేను అడిగినప్పుడు ఈ సంగతి ఆయనకు తట్టనే లేదు. గురువు ముందు కూర్చోవడాన్ని ఫోను వాడకంగా ఆయన ఏనాడూ లెక్కవేయలేదు.

నాదస్వరం ఇరుకు వీధిలో తెల్లారకముందు వాయించే వాద్యం కాదు. ఆయన సాధన ఊరికి దక్షిణాన ఉన్న పెద్ద బండ మీద. ఫోనుకు కట్టు వేసిన మరునాటి నుంచి ఆ బండ మీద అది మోగలేదు. శ్రీకాళహస్తిలో పెద్దాయన మాటిమాటికీ ఫోను చేయించి, చివరికి అల్లుడికి పాఠం మీద మనసు విరిగిందనుకున్నారట.

ఫోను కట్టు విప్పి ఇచ్చి, మరుసటి రోజు తెల్లవారుజామున కొలిచే పరికరంతో అక్కడికి వెళ్ళాను. మంచులో బండ కనబడలేదు, నాదం కనబడింది అంటే అతిశయోక్తి కాదు. వాద్యం ఎటు నుంచి వినిపిస్తే అటు నడిచాను. పొగమంచు అంతా ఒకే శ్రుతిలో మెల్లగా కదులుతున్నట్టుంది. వళ్ళెమ్మ చెంబుతో కాఫీ తీసుకొని నా ముందు నడిచింది. దగ్గరికి వెళ్ళేసరికి, పైకి లేచిన రాతి గోడకు వీపు ఆనించి, దక్షిణానికి ముఖం పెట్టి కూర్చున్న దొరస్వామి, ఆయన మోకాలి ముందు వెలుగుతున్న ఫోను కనిపించాయి.

పరికరం చూశాను. మా టవరు ఉత్తరాన ఉంది; రాతి గోడ దాన్ని పూర్తిగా మరుగు చేస్తోంది. దక్షిణాన మైదానం అంతా తెరిచి ఉండటంతో తమిళనాడు టవరు మైనస్ ఎనభై దగ్గర నిలకడగా పలుకుతోంది. ఆ చోట గురువు పిలుపు ఎలా నడిచేదో నాకు అర్థమైంది. శ్రీకాళహస్తి నుంచి బయలుదేరిన పిలుపు మొదట, పిలుపులకు దారి చూపే మన రాష్ట్రపు స్విచ్‌కు వస్తుంది. మనిషి ఇక్కడ లేడని తెలుసుకొని చెన్నై వైపు వెళుతుంది. అక్కడి నుంచి ఈ బండ మీదికి తిరిగి వస్తుంది. పిలిచినవాడి బాధ్యత మన స్విచ్ వరకే. ఆపై ప్రయాణమంతా అందుకున్నవాడి బిల్లులో పడుతుంది. ప్రతి ఉదయం దొరస్వామి తన ఊరి బండ మీద కళ్ళు మూసుకొని ఉన్నంతసేపూ, మా యంత్రాల దృష్టిలో ఆయన పరదేశంలో ఉన్నాడు.

గోడకు అవతల, ఉత్తరం వైపు వచ్చి కూర్చుంటే చాలని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ దక్షిణాన తిరుత్తణి కొండ ఉంది. సుబ్రహ్మణ్యస్వామికి ఎదురుగా కూర్చొని సాధన చేయడం వారి ఇంటి నియమం. ఉత్తరం వైపు కూర్చుంటే మధ్యలో రాయి అడ్డం వస్తుంది. "బిల్లు కోసరం సామికి రాయి అడ్డం పెట్టుకునేదా సార్?" అన్నాడు.

అప్పుడు ఫోనును మాత్రం తీసుకొని గోడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను. అక్కడ చేతికి అందే ఎత్తున రాతిలో ఒక గూడు ఉంది. దానిలో పెడితే మా నెట్‌వర్క్ మైనస్ ఎనభై రెండు చూపింది; పొరుగు సంకేతాన్ని ఈసారి గోడే ఆపింది. నాదస్వరానికి రాతి గోడ ఒక లెక్క కాదు. నాదం పైనుంచి దాటి వచ్చి గూటిలో నిండింది. శ్రీకాళహస్తి నుంచి ఫోను వచ్చింది. మోకాలి దగ్గర ఫోను ఉన్నప్పుడు వాద్యపు ధాటికి మైకు గరగరలాడేదనీ, ఈ రోజు గమకం గమకంగా వినబడుతోందనీ పెద్దాయన మురిసిపోయారు. కానీ ఒకచోట ఆయన ఆగమంటే దొరస్వామికి వినిపించలేదు. నాదం సాగిపోతూనే ఉంది. పెద్దాయన గొంతు గూటిలో చిన్నదై, ఆపు ఆపు అంటోంది.

వళ్ళెమ్మ చెంబు కింద పెట్టి ఫోను అందుకుంది. "నాయనా, నేను," అంది. కాసేపు విని, మంచులోకి కేక పెట్టింది: "ఏమయ్యో! రెండో కాలంలో బండెద్దు మాదిరి పరిగెత్తుతాండావంట! నిలిచి వాయించమంటాండాడు నాయన!"

అవతల నాదం ఆగింది. "ఆయన అట్ల అనినాడా, నువ్వు కలిపినావా మే?" అని దొరస్వామి గొంతు వినబడింది.

"ఎద్దు నాది. మిగతాది ఆయనది. వాయించు!"

ఫోనులో పెద్దాయన నవ్వుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆయన ఆ స్వరాల వరుసను సన్నని గొంతుతో పాడారు. ఆమె దాన్ని అలాగే అందుకొని గోడ మీదుగా పాడి పంపింది. అవతల నాదస్వరం దాన్ని పలికింది. ఒక ముసలి గొంతు, ఒక ఆడ గొంతు, ఆ తరువాత వాద్యం. సూర్యుడు పైకి వచ్చి మంచు తొలగేవరకు నేను పరికరం ఆపడం మరిచి అక్కడే నిలబడ్డాను.

ఆ రోజు నుంచి ఆమె రోజూ గూటి దగ్గర నిలబడింది. తరువాతి బిల్లుల్లో అద్దె తప్ప రోమింగ్ లేదు. అంతకుముందు వేసిన మొత్తం రద్దు చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. దొరస్వామి అది కట్టాడు. ఆ ఏడు, సుబ్రహ్మణ్యస్వామికి చేసే ఆడికృత్తిక పండుగకు వారి ఊరి స్వామి ఊరేగింపులో ఆ మల్లారి మొదటి నుంచి చివరి వరకు వాయించాడు. గురువు దాన్ని వళ్ళెమ్మ చేతిలోని ఫోను ద్వారా విన్నారు.

కొన్నేళ్ళకు దేశంలో రోమింగ్ చార్జీలే పోయాయి కనుక ఆ గూడు కిటుకు ఇప్పుడు ఎవరికీ అక్కరలేదు. నా తరువాతి పనిలో మాత్రం అది రెండు మార్పులు తెచ్చింది. సంకేతాన్ని చందాదారు చిరునామాలో కొలవడంతో సరిపెట్టుకోకుండా, ఆయన రోజు మొదట ఎక్కడ కూర్చుంటాడో అడిగి అక్కడ కూడా కొలిచాను. సంకేతం అందని చోట మనిషిని కదలమని చెప్పే ముందు, ఫోను ఒక్కటే కదిలితే సరిపోతుందేమో చూశాను. చాలాసార్లు సరిపోయింది.