పాప వేలికి స్టీరింగు నట్టు

పాప వంటింటి గడపలో నిలబడి బొటనవేలు చూపించింది. వేలికి గ్రీజు అంటిన పెద్ద నట్టు.

“అమ్మా, నాన్న నాకు ఉంగరం ఇచ్చినాడు!”

నా చేతిలో రొట్టె పిండి అలాగే ఉండిపోయింది. అది ట్రాక్టర్ స్టీరింగు నట్టు. పాప వేలికి ఉందంటే స్టీరింగుకు లేదన్నమాట. నట్టు లేకుండా మా ఆయన ఆ చక్రాన్ని లాగుతుంటే, అది ఊడిన క్షణాన నేరుగా వచ్చేది ఆయన మూతికే.

ఈ సంగతి నాకు మా నాయన పళ్ల వల్ల తెలుసు. ఆయనకు కోయిలకుంట్లలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. ముందు పళ్లు రెండు లేవు. చిన్నప్పుడు అడిగితే బెల్లం తిని పోయాయనేవాడు. ఇప్పుడు నా పిల్లలకూ అదే చెబుతాడు. నేను డిగ్రీలో ఉండగా అమ్మ అసలు మాట చెప్పింది. బిగుసుకుపోయిన స్టీరింగు ఒక్కసారిగా ఎగిరి తగిలిందట. అప్పటినుంచి ఆయన నట్టును వదులు చేస్తాడే గాని పూర్తిగా తీయడు. చక్రం లేచినా నట్టు దగ్గర ఆగిపోతుంది.

పిండి చేతులతోనే పరిగెత్తాను. చీనీకాయల తోట పనికని కొన్న పాత చిన్న ట్రాక్టర్ రేకుల కింద ఉంది. నెల నుంచి దాని స్టీరింగు ఊగుతోంది. లోపల కడ్డీని పట్టి ఉంచే బుష్షు అరిగింది, చక్రం తీస్తే గాని మార్చలేం. అలాంటి దాని మీద పిల్లల్ని ఎక్కించుకుని తిరగొద్దని రోజూ పోరింది నేనే. తీరా ఈయన పని మొదలుపెట్టాడంటే ఇలా. గడ్డపార చక్రం కింద దూర్చి, గడ్డం సరిగ్గా దాని పైన పెట్టి ఎత్తుతున్నాడు.

“ఆగు! నట్టు పెట్టి లాగు. మూతి పగులుతాది.”

“రెండు గంటలైంది, ఇంత కూడా కదల్లేదు. ఇది ఎగిరొచ్చి నన్ను కొడ్తాదా?”

“కదలనిదే కొడ్తాది. నాయన దగ్గర పుల్లర్ ఉండాది, పోయి తెచ్చుకో.”

పుల్లర్ చక్రాన్ని కొక్కేలతో పట్టి నిదానంగా పైకి లేపుతుంది. కానీ ఈ ట్రాక్టర్ కొనొద్దని చెప్పింది మా నాయనే.

“పోతే ఏమంటాడు? ‘నేను చెప్పలేదా అల్లుడూ’ అంటాడు. శానా సంతోషంగా అంటాడు. నేను పోను.”

పళ్లు పోయినా సరే గాని ఆ మాట పడడు! వాదించే ఓపిక లేక నట్టు కోసం పాప దగ్గరికి వెళ్తే, అదీ వేలికి బిగుసుకుంది. సబ్బు రాసి తిప్పితే పాప ఏడుపు. వెనకనుంచి ఈయన, “మే, నట్టు పెట్టి లాగు” అని వెక్కిరింపు. చివరికి నట్టు వచ్చింది, పాప అలిగి మంచం కింద దూరింది.

నా నోరు మూయించడానికే నట్టును నాలుగు చుట్లు ఎక్కించాడు. వేడికి పట్టు వదులుతుందని సలసల కాగే నీళ్లలో గుడ్డ ముంచి చక్రం మధ్యలో చుట్టాను. ఆయన సీట్లో కూర్చుని మోకాళ్లు, చేతులు ఆనించి పైకి ఎత్తుతుంటే, నట్టు మీద చెక్క పెట్టి నేను సుత్తితో కొట్టాను. మొహం వెనక్కి పెట్టుకోమంటే, “కనపడొద్దా నాకు?” అంటాడు. ఆ కోపమంతా సుత్తిలోకి పోయింది.

ఎన్నో దెబ్బకో టంగుమంది. చక్రం విసురుగా లేచి, నట్టుకు తగిలి ఆగింది. దాని పైన జానెడు దూరంలో ఆయన గడ్డం.

ఆయన పై పెదవి తడుముకున్నాడు. తర్వాత అన్నాడు: “నేను లాగినప్పుడే వదులైంటాది.”

సుత్తి దూరంగా పెట్టేశాను. చేతిలో ఉంటే దాంతో ఏం చేసేదాన్నో.

ఇదంతా నిన్న. ఈ పొద్దున టిఫిన్ దగ్గర పాప మళ్లీ ఉంగరం కావాలంది. మా బాబేమో, “నాన్న స్టీరింగు ఒక్క చేత్తో పెరికినాడంట!” అన్నాడు. ఆయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. రాత్రి వాళ్లకు ఏం చెప్పి పడుకోబెట్టాడో తెలిసిపోయింది.

“రెండు చేతులు, రెండు మోకాళ్లు. సుత్తి అమ్మది,” అన్నాను. “ఇంకో మాట ఇనండి. తాత పళ్లు బెల్లం తిని పోలేదు. నట్టు తీసి స్టీరింగు లాగితే పోయినాయి. ఇంకోసారి నాన్న మీకు ఉంగరం ఇచ్చినాడంటే, ఏలికి పెట్టుకోకముందే ఉరికొచ్చి నాకు చూపియ్యండి.”